ఫ్రిజ్‌కి సరిపడని కంప్రెసర్

నవ్వనని మాటిస్తే చెబుతాను. మాటిచ్చి మరీ నవ్వినవాళ్ళే ఎక్కువనుకోండి, అయినా అడగడం నా ధర్మం.

నేను పగలు నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు రాసుకుంటాను. సాయంత్రాలు బేస్ గిటార్ వాయిస్తాను. మా ఆవిడ దృష్టిలో రెండూ ఒకే ఉద్యోగం. రెండు చోట్లా జనం వచ్చి మొరపెట్టుకుంటారు.

మా బృందానికి పెద్ద, డ్రమ్ములు వాయించే పళ్ళ డాక్టరు. పగలంతా జనం చేత నోళ్ళు తెరిపించి, సాయంత్రం మా నోళ్ళు మూయిస్తాడు. ఓ బుధవారం రిహార్సల్ మధ్యలో కర్రలు కింద పెట్టేశాడు.

“ఏంటోయ్ నీ వాయింపు? ఒక నోటు పిడుగు, తర్వాతి నోటు దోమ. లైబ్రరీ వార్షికోత్సవంలో మన కచేరీకి ఇంక పది రోజులే ఉంది. సరిచేసుకో. లేదంటే పీకేస్తాను.”

పళ్ళ డాక్టరు పీకేస్తానంటే ఆ భయమే వేరు. నాకు తెలియకుండానే చెయ్యి దవడ మీదికి వెళ్ళిపోయింది.

సరిచేసుకోవాలంటే రోజూ రెండు గంటలు సాధన చేయాలి. లేదా కంప్రెసర్ పెడల్ కొనుక్కోవాలి. అదొక చిన్న ఇనప డబ్బా. గిటారుకీ స్పీకరుకీ మధ్య పెట్టి కాలితో నొక్కితే చాలు, గట్టిగా పలికిన నోటు నెత్తిన ఒక్కటి మొడుతుంది, నీరసంగా పలికినదాన్ని రెక్క పట్టుకుని లేపుతుంది. అన్నీ ఒకే ఎత్తున బుద్ధిగా నిలబడతాయి. నా వేళ్ళ బద్ధకానికి ఇంతకన్నా మంచి మందు ఎక్కడ దొరుకుతుంది?

ఇంటికి రాగానే షాపుకు ఫోన్ చేశాను. “కంప్రెసర్ శుక్రవారానికల్లా వచ్చేయాలండీ, చాలా అర్జంటు” అని పెట్టేసి వెనక్కి తిరిగితే, గుమ్మంలో మా ఆవిడ. కళ్ళనిండా నీళ్ళు.

“కంప్రెసర్ తెప్పిస్తున్నారా?”

“అవును... అంటే అదీ...”

“ఫ్రిజ్ కంప్రెసర్ పోయిందని మూడు వారాలుగా మొత్తుకుంటున్నాను. మీ చెవికెక్కలేదనుకున్నాను. అనవసరంగా ఎన్నేసి మాటలన్నానండీ మిమ్మల్ని!”

నిజం చెప్పడానికి అదే సమయం. కానీ పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆవిడ నాకు కుర్చీ జరిపి, కూర్చోమంది. కూర్చున్నాక ఫ్యాన్ కూడా వేసింది. ఫ్యాన్ గాలికి నా నిజాయితీ ఎటో ఎగిరిపోయింది.

అప్పటికప్పుడు ఒక పథకం వేశాను. పెడల్ రానీ. “షాపువాడు తప్పుడు సరుకు పంపాడు, తిరిగి పంపిస్తున్నాను” అంటాను. ఆ పంపడాలూ రావడాలూ తేలేలోపు వార్షికోత్సవం అయిపోతుంది. ఎవరికీ నష్టం లేదు, పాలకు తప్ప.

శుక్రవారం సాయంత్రం గేటు దగ్గరే పార్శిల్ అందుకుని, చొక్కాలో దోపుకుని లోపలికి నడిచాను.

“పొట్టకేమైంది?” అంది మా ఆవిడ.

“గ్యాస్.”

“నలుచదరంగానా?”

“కొత్త రకం” అని గదిలోకి దూరిపోయాను.

మర్నాడు ఉదయం తలుపులు దగ్గరికి వేసి, పెడల్ తగిలించి, దాని నాబ్‌లు రెండూ చివరికంటా తిప్పేశాను. తీగ మీటాను. ఆహా! ఏ నోటుకా నోటు గుండ్రంగా, నిండుగా వచ్చింది. చిటికెన వేలు ఏదో మొక్కుబడిగా తాకినా సింహంలా పలికింది. తీగ మీద వేలు జరిపిన గీరుడు కూడా గదంతా వినిపించింది గానీ, సంతోషంలో దాన్ని పట్టించుకోలేదు.

అంతలో కాలింగ్ బెల్ మోగింది. ఆ వెంటనే మా ఆవిడ గొంతు.

“ఏవండీ! ఫ్రిజ్ మెకానిక్ గారొచ్చారు. నేనే రమ్మన్నాను. కంప్రెసర్ ఎక్కడ పెట్టారు?”

ఒళ్ళో ఉన్న గిటారు మీద అలాగే వాలిపోయి, నాలో నేను గొణుక్కున్నాను.

“అయిపోయాన్రా బాబూ. పెడల్ సంగతి తెలిస్తే ప్రాణం తీస్తుంది. తప్పుడు సరుకొచ్చిందని చెబుదాం. నమ్మేస్తుందిలే, పిచ్చిమాలోకం.”

నా గిటారు పాతది. తీగల కింద ఉండే దాని పికప్‌కి నోరు ఆనించి మాట్లాడితే మైకులా పట్టేస్తుంది. అంత సన్నని గొణుగుడిని పట్టుకుని, పెడల్ తన ధర్మం తాను నిర్వర్తించింది. రెక్క పట్టుకుని లేపింది. స్పీకరు, నూతిలోంచి రాక్షసుడు అరిచినట్టు, ఇల్లంతా దద్దరిల్లేలా చదివి వినిపించింది. “పిచ్చిమాలోకం” దగ్గరైతే కిటికీ అద్దాలు కూడా వంత పాడాయి.

తలుపు తెరుచుకుంది.

“పిచ్చిమాలోకం వచ్చింది” అంది మా ఆవిడ. “చెప్పండి, ఏం నమ్మమంటారు?”

ఆవిడ వెనకాల పనిముట్ల సంచీతో మెకానిక్. నలభై దాటిన మనిషి, మీసం మీద గ్రీజు మరక. ఆయన నన్ను చూడటం లేదు. నేల మీదున్న డబ్బానే చూస్తున్నాడు.

“ఇది ఫ్రిజ్‌కి పనికిరాదమ్మా” అన్నాడు.

“ఆ సంగతి ఇంట్లో ఒకరికి ముందే తెలుసులెండి.”

“కానీ మంచి సరుకమ్మా! ఆర్నెల్లుగా దీనికోసం తిరుగుతున్నాను, దొరకలేదు.”

“మీరు బేస్ వాయిస్తారా?” అన్నాను తెల్లబోయి.

“ఏదో సార్, కొద్దిగా.”

చేతులు ప్యాంటుకు తుడుచుకుని గిటారు అందుకున్నాడు. ముందు కాలితో పెడల్ ఆపేశాడు. ఆపేసి వాయించాడు. దారానికి గుచ్చిన పూసల్లా నోట్లు, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. నేను డబ్బాతో తెప్పించుకున్న సమానత్వం ఆ మనిషి వేళ్ళలోనే ఉంది. నాకు నెత్తిన నీళ్ళు కుమ్మరించినట్టయింది.

మా ఆవిడ ఆయన వేళ్ళకేసి చూసింది. నా వేళ్ళకేసి చూసింది. పెడల్‌కేసి చూసింది. అరవలేదు. ఆవిడ అరిస్తే నాకు అలవాటే, అరవకపోతేనే భయం.

“మీ దగ్గర ఫ్రిజ్ కంప్రెసర్ ఉందా అండీ?”

“పాతదొకటి బాగుచేసింది బండిలో ఉందమ్మా. భేషుగ్గా నడుస్తుంది.”

“అది బిగించి, ఇది పట్టుకెళ్ళండి.”

“ఏమిటే నీ దౌర్జన్యం? అది నాది!”

“ఆ ఫ్రిజ్ మీది కాదా? పాలు మీరు తాగరా?”

మధ్యాహ్నానికల్లా ఫ్రిజ్ గుర్రుమంటోంది. పెడల్ మెకానిక్ సంచీలోకి వెళ్ళిపోయింది.

“ఇంక నన్నేమీ అనవా?” అన్నాను బిక్కుబిక్కుమంటూ.

“అనడానికేముంది? ఇంకా వారం ఉందిగా, వాయించుకోండి.”

గతిలేక సాధన మొదలుపెట్టాను. వారం రోజులు రెండేసి గంటలు. వేళ్ళు బొబ్బలెక్కాయి. మధ్యలో వచ్చిన రిహార్సల్‌లో పిడుగులూ దోమలూ మామూలుగానే ఎగిరాయి. కానీ డాక్టరు కర్రలు కింద పెట్టలేదు. “పర్వాలేదులే, వేదిక మీద చూసుకుందాం” అన్నాడు. ఆ దయ ఎక్కడిదో నాకర్థం కాలేదు.

వార్షికోత్సవం రోజు మా ఆవిడ నాకన్నా ముందే లైబ్రరీ హాలుకు వెళ్ళింది. “మీరు చొక్కా సర్దుకోండి, మీ వైరు నేను తగిలిస్తాను” అంది. కరిగిపోయాను.

మొదటి పాట ఎత్తుకోగానే ఉలిక్కిపడ్డాను. నా వెనకాల స్పీకర్లోంచి వచ్చే నాదం వెన్నపూసలా ఉంది! వారం సాధనకే ఇంత ఫలితమా? రెండో పాటలో ధైర్యం వచ్చి తల కూడా ఊపాను. మూడో పాటలో ముక్కు దురదపెట్టింది. తీగ మీంచి చెయ్యి తీసి గోక్కున్నాను. నోటు ఆగలేదు! ఇంకాసేపు గోక్కున్నాను. పాట నడుస్తూనే ఉంది. వాద్యం మనిషిలో లీనమైపోవడమంటే ఇదే కాబోలని నాకు ఏడుపొచ్చింది.

చప్పట్లు. అందరూ ఒకసారి వంగి దండం పెట్టారు. నేను మూడుసార్లు పెట్టాను.

తెర పడ్డాక నా వైరు చుట్టుకుంటూ, అది ఎటుపోతే అటు నడిచాను. స్పీకరు దాటి, పక్క తెర వెనక్కి వెళ్ళింది. అక్కడ ఒక కుర్చీ కాలికి, జడకు రిబ్బను కట్టినట్టు అందంగా ముడివేసి ఉంది.

కుర్చీలో మెకానిక్ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గిటారు, కాలి కింద పెడల్.

“నమస్తే సార్” అన్నాడు లేచి.

పక్కన మా ఆవిడ ఆయనకి మంచినీళ్ళ గ్లాసు అందిస్తోంది. డాక్టరు వచ్చి నా భుజం తట్టాడు.

“ఇన్నేళ్ళలో మొదటిసారి నీతో ఏ ఇబ్బందీ లేదోయ్!”

“ఎప్పట్నుంచి ఈ నాటకం?” అన్నాను మా ఆవిడతో.

“ఫ్రిజ్ బిగించిన సాయంత్రం నుంచి. డాక్టరుగారు పీకేద్దామనే అన్నారు. మీరు చిన్నబోతారని, వేదిక మీద నిలబెట్టమని నేనే బతిమాలాను.”

కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆ బతిమాలింది కూడా నాకోసమే కదా.

“మీ వేళ్ళు దారిలో పడుతున్నాయి సార్” అన్నాడు మెకానిక్ మొహమాటంగా. “తెర సందులోంచి చూస్తూనే ఉన్నాను, వాయించిన చోట బాగానే వాయించారు. కావాలంటే సోమవారాలు రండి, నేర్పుతాను.”

“వస్తారు” అంది మా ఆవిడ. “మొన్ననే పేరు రాయించాను.”

అలా ప్రతి సోమవారం ఆయన షాపుకు వెళ్తున్నాను. విప్పేసిన ఫ్రిజ్‌ల మధ్య స్టూలు మీద కూర్చుని, ఒకే తీగ, ఒకే నోటు, గంటసేపు. ఎదురుగా అలమారలో నా పెడల్ తళతళలాడుతూ ఉంటుంది. గురువుగారు అటు తిరిగారు కదా అని ఒకసారి చెయ్యి చాపాను.

“అమ్మగారు ముట్టుకోనివ్వద్దన్నారు సార్” అన్నారాయన, వెనక్కి తిరక్కుండానే.