గంధమా, లేత వంకాయా

ఆ ఆదివారం త్యాగరాజు మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. బొబ్బిలి స్టేషన్‌కి వెళ్ళి, విశాఖపట్నం నుంచి వస్తున్న విశాలి గారిని ఇంటికి తీసుకొచ్చి, వీధి అరుగు మీది గోడ చూపించాలి. ఆవిడకి అక్కడ బొమ్మలు ప్రదర్శించే హాలుంది. హైస్కూల్లో డ్రాయింగు చెబుతూ, ఇరవై రెండేళ్ళుగా గళ్ళూ పట్టీలూ తప్ప ఇంకేమీ వెయ్యని మాస్టారితో "చూస్తాను, నచ్చితే పెడతాను" అన్న మనిషి ఆవిడొక్కతే.

తల్లి తాయారమ్మ, భార్య కామేశ్వరి గజపతినగరంలో పెళ్ళికి వెళ్ళిన రెండు రోజుల్లో ఆయన ఆ గోడ పూర్తి చేశారు. ఎడంవైపు నిలువెత్తు పసుపు గడి, కుడివైపు అంతెత్తు నీలం గడి, ఒక్కొక్కదాని నడుమ అరచేతంత చదరం. రెండు చదరాలూ ఒకే గిన్నెలోని బూడిద రంగే. అయినా పసుపులో ఉన్నది లేత వంకాయలా, నీలంలో ఉన్నది గంధంలా కనబడుతుంది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో నిలబడి ఆయన వాటినే చూస్తూ ఉండిపోయారు. పక్కన ఎవరున్నారో చూసుకున్నాకే రంగు తానెవరో తేల్చుకుంటుంది కాబోలు అనుకున్నారు. అలా అనుకుంటూ అనుకుంటూ కాఫీ, చెప్పులు, ఫోను అన్నీ అరుగు మీదే వదిలేసి స్టేషన్‌కి నడిచారు.

రైలు మూడు గంటలు ఆలస్యం. ఆయన ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఆకాశంలో గళ్ళు గీసుకుంటున్న ఆ మూడు గంటల్లో ఇంట్లో ఏం జరిగిందో, ఇళ్ళకి రంగులేసే హరిబాబు తర్వాత ఒట్లు వేసి మరీ చెప్పాడు.

హరిబాబు నిజానికి సోమవారం రావాలి. ఇంటికి సున్నమైనా రంగైనా వేసేముందు గోడ మీద రెండు శాంపిళ్ళు పూయడం, ఇంట్లో ఆడవాళ్ళు చూసి సరేననడం అక్కడి పద్ధతి. వేరే పని తొందరగా తేలిపోవడంతో అతను ఆదివారమే వచ్చాడు. సరిగ్గా అప్పుడే అత్తాకోడళ్ళు ఆటో దిగారు.

"పెద్దమ్మగారూ, మాస్టారు నాకు పని తగ్గించీసినారు! శాంపిళ్ళు ఆయనే ఏసీసినారు. సుట్టూ ఉన్నవి బోర్డర్లు, నడిమినున్నవే రంగులు. ఏది కావాలో సెప్పండి."

"అమ్మయ్య, ఈయన గళ్ళు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చాయి," అంది కామేశ్వరి. "ఆ లేత వంకాయ రంగు వేసెయ్ హరిబాబూ."

"ఇల్లన్నాక గంధం రంగుండాలే. వంకాయేవిటి, ఇదేమైనా సినిమా హాలా?" అంది తాయారమ్మ.

"అత్తయ్యా, ఆ గంధం చూస్తే నాకు ఆస్పత్రి గుర్తొస్తోంది."

ఎదురింటి లక్ష్మణమ్మ చేతిలో చేట పట్టుకునే వచ్చి తీర్పు చెప్పింది. "ఇంతోటి దానికి తగువేటమ్మా? గోడ సగం ఒకలిది, సగం ఒకలిది ఏయించండి. ఆరినాక సూసుకుందురు."

హరిబాబు రెండు చదరాల నుంచీ చెరో పెచ్చు గీకి కొట్టుకి పట్టుకెళ్ళాడు. అక్కడి రంగులు కలిపే మిషను రెండింటికీ ఒకే నంబరు చూపించింది. కొట్టువాడు దాన్ని రెండు చరుపులు చరిచాడు. మళ్ళీ అదే నంబరు. "మిషనుకి మతి పోనాది. ఇద్దరమ్మగార్లు, రెండు డబ్బాలు, అంతే!" అని హరిబాబు రెండు డబ్బాలూ తెచ్చి, పసుపు వైపు కోడలిగారిది, నీలం వైపు అత్తగారిది పూసేశాడు.

గోడ మొత్తం బూడిదైంది.

"నా వంకాయ రంగేదీ?"

"నా గంధం ఏం చేశావురా?"

"అమ్మా, సింహాచలం అప్పన్న మీద ఒట్టు, నేనేటీ సెయ్యలేదు!"

వీధిలో సగంమంది వంకాయని చూశామన్నారు, సగంమంది గంధాన్నే చూశామన్నారు. వాళ్ళలో వాళ్ళకే మాటా మాటా పెరుగుతున్న సమయానికి, చెప్పుల్లేని మాస్టారూ ఆయన వెనక విశాలి గారూ రిక్షా దిగారు.

మాస్టారు అరుగు కేసి చూశారు. గోడ లేదు. ఇరవై రెండేళ్ళు తాను ఎదురుచూసిన కళ్ళు వచ్చి నిలబడితే, చూపించడానికి బూడిద తప్ప ఏమీ లేదు. ఏడుపొచ్చింది ఆయనకి.

"ఒరే త్యాగరాజూ, నువ్వైనా చెప్పు, ఇక్కడ గంధం లేదూ?"

"ఉందమ్మా," అన్నారాయన నీరసంగా. "వంకాయా ఉంది. రెండూ ఇదే రంగు."

ఎవరూ నమ్మలేదు. ఆయన ఇంక వాదించే ఓపిక లేక లోపలికెళ్ళి పసుపు చార్టు ఒకటి, నీలం చార్టు ఒకటి తెచ్చి, నడుమ కిటికీల్లా కత్తిరించి, చెరోటీ అత్తాకోడళ్ళ చేతుల్లో పెట్టారు. "గోడకి ఆనించి పట్టుకోండి."

కోడలి చేతిలోని పసుపు కిటికీలో లేత వంకాయ పూసింది. అత్తగారి నీలం కిటికీలో గంధం తేలింది. "ఇప్పుడు మార్చుకోండి," అన్నారు మాస్టారు. మార్చుకున్నారు. గంధం కోడలి చేతికొచ్చింది, వంకాయ అత్తగారి చేతికెళ్ళింది.

"ఓలమ్మో!" అంది లక్ష్మణమ్మ, చేట జారవిడిచి. కామేశ్వరి ఆ కిటికీని గోడ మీద మెల్లగా జరుపుతూ కల్లో ఉన్నట్టు నవ్వుకుంటోంది.

"ఏమండీ, ఇంత చక్కటి సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"పెళ్ళైన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాను కామేశ్వరీ," అన్నారు మాస్టారు. ఆయనకిప్పుడు నిజంగానే కళ్ళు చెమర్చాయి.

విశాలి గారు గోడ కేసి కాదు, జనం కేసి చూస్తున్నారు. "మాస్టారూ, మా హాల్లో జనం బొమ్మకి వీపు పెట్టి సెల్ఫీ తీసుకుని పోతారు. రంగు కోసం వీధి వీధంతా పోట్లాడుకోవడం ఇదే చూడ్డం. వచ్చే నెల హాలంతా మీదే. కాగితాలు పట్టుకోవడానికి వీళ్ళిద్దర్నీ కూడా తీసుకురండి."

ఇంటికి ఆ బూడిదే ఖాయమైంది. అత్తగారు దాన్ని గంధమంటారు, కోడలు వంకాయంటుంది. అది చూసి వీధిలో మరో ఆరిళ్ళవాళ్ళు హరిబాబుని పిలిచారు. ముగ్గురికి తాయారమ్మగారి రంగు కావాలి, ముగ్గురికి కామేశ్వరిగారి రంగు కావాలి.

ఈసారి హరిబాబు ఒకటే పెద్ద డబ్బా కొన్నాడు.