పెద్ద డాక్టరుగారి హాజరు

ఆ ఉదయం పెద్ద డాక్టరు వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి హాల్లో ప్రాణరక్షణ శిక్షణ, తప్పనిసరి. పదింటికే క్యాంటీన్లో టీ. మొదటిది ఎగ్గొట్టి రెండోది తాగాలి. 'తప్పనిసరి' అన్న మాటలో పెద్దవాళ్ళకు వినబడేది 'సరి' ఒక్కటే. 'తప్పని' అన్నది కిందివాళ్ళకు.

"ముప్ఫయ్యేళ్ళుగా కడుపులు కోస్తున్నవాణ్ణి. రబ్బరు బొమ్మ గుండె నొక్కడం ఇప్పుడు నేర్చుకోవాలా?" అని విసుక్కుంటూ వరండా తుడుస్తున్న ఆయాను పిలిచాడు. "ఈ తెల్లకోటు తొడుక్కుని హాల్లో కూర్చో. నా పేరు పిలిస్తే వచ్చానను."

ఆ శిక్షణ కోసమే ఆయా రెండేళ్ళుగా కాళ్ళరిగేలా తిరుగుతోంది. సర్టిఫికెట్టు ఉంటే వార్డు హెల్పరు కావచ్చు. జాబితాలో పేరు చేర్చాల్సింది ఈయనే.

"పనిలో పని, నా పేరు కూడా రాయించండి సార్."

"ముందు నా పేరు సంగతి చూడు."

శిక్షణ ఇచ్చే ఆవిడ ఆసుపత్రికి కొత్త. జాబితాలో పెద్ద డాక్టరంటే ఓ ఇంటిపేరు, రెండు పొడి అక్షరాలు. ఆయా "వచ్చానండి" అంది. ఆవిడ టిక్కు పెట్టింది.

పెద్ద డాక్టరే రాలేదని హెడ్ నర్సు సంతకం గిలికి జారుకుంది. హెడ్ నర్సే పోయాక తనకేమని ల్యాబ్ టెక్నీషియను, అతని వెనక మిగతావాళ్ళు. గొర్రెల మంద కూడా ఇంత క్రమశిక్షణగా నడవదు. పావుగంటలో హాల్లో మిగిలింది ఆవిడ, ఆయా, బొమ్మ.

"ఒక్కరున్నా క్లాసు క్లాసే డాక్టరుగారూ, కానివ్వండి."

ఆయా రెండు గంటలు నొక్కింది. గొంతులో ఏదైనా అడ్డం పడితే వెనకనుంచి పట్టుకుని పొట్ట మీద పిడికిలితో ఎలా గుంజాలో పదిసార్లు చేసి చూపింది. బండలు తుడిచిన చేతులు, బొమ్మ కిర్రుమంది. నూటికి తొంభై ఆరు వచ్చాయి, పెద్ద డాక్టరుకు.

కోటు తిరిగిచ్చేద్దామని ఆమె క్యాంటీనుకు వెళ్ళేసరికి ఎగ్గొట్టినవాళ్ళంతా మూడో టీలో ఉన్నారు. పెద్ద డాక్టరు నోటినిండా బిస్కెట్టుతో, "ప్రాణం పొయ్యడం మనకు వాళ్ళు నేర్పేదేమిటి" అంటూ నవ్వబోయాడు. బిస్కెట్టు అడ్డం పడింది. మాట ఆగింది, ముఖం నీలమైంది.

"నువ్వు చెయ్యి," అంది హెడ్ నర్సు.

"సీనియరు మీరు కదా," అన్నాడు టెక్నీషియను.

"నేను సంతకమే పెట్టానయ్యా."

టెక్నీషియను అత్యవసర బృందానికి ఫోను కొట్టాడు. అది పెద్ద డాక్టరు జేబులోనే మోగింది. ఆ బృందానికి నాయకుడు ఆయనే.

ఆయా అందర్నీ మోచేత్తో నెట్టి, ఆయన్ను వెనకనుంచి వాటేసుకుని గుంజింది. మూడో గుంజుకు బిస్కెట్టు ఎగిరి హెడ్ నర్సు టీలో పడింది.

సూపరింటెండెంటు రిపోర్టు అడిగాడు. శిక్షణ లేనివాళ్ళు కాపాడారని రాస్తే అందరికీ ముప్పు. హెడ్ నర్సు రిజిస్టరు తెరిచింది. మార్కులున్నది ఒక్క పేరుకే. రాసేసింది: ప్రమాదంలో పడినది పెద్ద డాక్టరు, కాపాడినది పెద్ద డాక్టరు. సూపరింటెండెంటు ఆ సమయస్ఫూర్తికి పతకం సిఫారసు చేశాడు. ఆయా వాటేసుకున్న సంగతి కూడా ఎవరో చెవిన వేస్తే ఆమెకు మెమో ఇచ్చాడు: డ్యూటీలో ఉండి పై అధికారిని కౌగిలించుకున్నందుకు ఉద్యోగం ఎందుకు తీసెయ్యకూడదో చెప్పాలి.

ఆయా దాన్ని తీసుకుని పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది.

"ఇది మీదే సార్."

"నాదేమిటి?"

"ఆ పూట నేను ఆయాని కాదు, మీరే. అప్పటికి మీ కోటు కూడా విప్పలేదు. మిమ్మల్ని కౌగిలించుకుంది మీరే. ఆ ముక్క సూపరింటెండెంటుగారికి చెప్పి రానా?"

పెద్ద డాక్టరు గబుక్కున లేచి గది తలుపు మూశాడు.

"మెమో నేను చూసుకుంటాలే. జాబితాలో నీ పేరు కూడా రాస్తాను. వచ్చే నెల వెళ్ళు."

"నేనెందుకు సార్, నాకు వచ్చుగా. రానిది మీకు. నా పేరు పిలిస్తే వచ్చానండి అనండి."

మరుసటి నెల మరో శిక్షకుడు వచ్చాడు. జాబితాలో ఆయా కూడా ఓ ఇంటిపేరు, రెండు పొడి అక్షరాలే. పెద్ద డాక్టరు కోటు ఇంట్లో వదిలేసి వెళ్ళి, రెండు గంటలు బొమ్మ గుండె నొక్కాడు. ఆయా పేరున సర్టిఫికెట్టు వచ్చింది.

అందులో యాభై రెండు మార్కులు చూసి, తన పరువు తీశాడని ఆమె రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.