కప్ప గెంతితే తిరిగిన అట్టలు

డ్రిల్లు మేష్టారు ఆ రోజు పొద్దున్నే లేచి, ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటునే మళ్లీ ఇస్త్రీ చేసుకున్నారు. మెడలో ఈల వేసుకుని, మేడమీది గదిలోంచి దిగి, అక్కగారి వంటింట్లోకి వచ్చి నిలబడ్డారు. అక్కడ ఆయన బావగారు, అదే బడిలో లెక్కల మేష్టారు, పళ్లెం ముందు కూర్చుని పెన్సిలు నములుతున్నారు.

"బావా, ఇవాళ ఒక్క రోజు నువ్వు లెక్కల ఊసెత్తకు. మొదట పిల్లలంతా తెల్ల అట్టలు చూపిస్తూ నిలబడతారు. నేను ఈల వేస్తాను. బొమ్మలో ఉన్నవాళ్లు అట్టను నలుపువైపుకు తిప్పుతారు. బడి మేడ మీంచి చూస్తే తెల్లటి మైదానంలో నల్లటి పిల్లవాడు పరుగెడుతూ కనిపిస్తాడు. పెద్దాఫీసరు చూసి మెత్తబడతాడు. అంతే ప్లాను."

ఆఫీసరు మెత్తబడటం చాలా అవసరం. విరిగిన బల్లలు, కాళ్లు లేని కుర్చీలు దాచుకోవడానికి బడి మైదానంలో గోదాము కట్టాలని పై ఆఫీసు నిర్ణయించింది. సంతకం పెట్టే ముందు ఒకసారి స్థలం చూడటానికి ఆయన వస్తున్నారు. గోదాము లేస్తే పిల్లలు పరుగెత్తడానికి వరండా మాత్రమే మిగులుతుంది. వరండాలో పరుగెత్తరాదని గోడ మీద రాసి ఉంది.

"అది కాదోయ్, నిన్న నీ పీరియడులో నేను..." అని లెక్కల మేష్టారు మొదలుపెట్టారు.

"ఏమండీ, వాడు వద్దన్నాడుగా! ఒక్క పూట నోరు కట్టేసుకుంటే మీ లెక్కలేం అలిగి వెళ్లిపోవు" అంది అక్కగారు.

ఆయన నోరు కట్టేసుకున్నారు. ఆ రోజు జరిగినదంతా అక్కడే మొదలైంది.

ముందు రోజు డ్రిల్లు మేష్టారు మైకు బాగు చేయించడానికి వెళ్లినప్పుడు, హెడ్మిస్ట్రెస్ ఆ పీరియడును లెక్కల మేష్టారికి అప్పగించింది. ఆయనకు కొన్నాళ్లుగా పేపర్లో వచ్చే ఒక పజిలు పట్టుకుంది. నలుచదరపు బొమ్మ, అందులో పొలాల్లాగా గళ్లు, కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి. ఒక గడిని ముట్టుకుంటే అదీ, దాని సరిహద్దు గళ్లూ రంగు మారతాయి. చివరికి మొత్తం తెల్లబడాలి. అలాంటి మనిషికి, ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు ఉన్న అట్టలు గుండెలకు ఆనించుకుని వరసల్లో నిలబడ్డ బడిపిల్లలు కనిపించారు. ఆకలితో ఉన్నవాడికి వంటింటి తాళాలు ఇచ్చినట్టయింది.

"ఎవరు గెంతితే వాళ్ల అట్ట తిరగాలి. వాళ్లకు ముందు, వెనక, ఇటు, అటు ఉన్న నలుగురూ కూడా తిప్పాలి" అని నేర్పించారు. పిల్లలకు అది తెగ నచ్చేసింది. గంట కొట్టే వేళకు పక్కవాడు గెంతితే చాలు, వాళ్ల చేతులు వాటంతటవే అట్టను తిప్పేస్తున్నాయి.

సరే, పెద్దాఫీసరు వచ్చారు. హెడ్మిస్ట్రెస్ ఆయన్ని మేడ మీద కుర్చీలో కూర్చోబెట్టింది. లెక్కల మేష్టారు వెనక నిలబడ్డారు. కింద మైదానం అంచున మైకు ముందు డ్రిల్లు మేష్టారు ఛాతీ విరుచుకుని ఉన్నారు. రాత్రి వాన పడి నేల మెత్తగా ఉంది. పిల్లలంతా తెల్ల అట్టలు చూపిస్తూ కదలకుండా ఉన్నారు. మైదానం ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది.

ఈల నోటి దాకా వెళ్లింది. అంతలో వానకు బయటికి వచ్చిన కప్ప ఒకటి మధ్య వరసలో, రెండు జడల పిల్ల పాదం మీద కూర్చుంది.

ఆ పిల్ల గెంతింది. అట్ట తిరిగింది. ముందు, వెనక, ఇటు, అటు ఉన్న నాలుగు అట్టలూ తిరిగాయి. తెల్లటి దుప్పటి మధ్యలో నల్లటి ప్లస్ గుర్తు లేచింది.

"ఇదేమిటి, ఆసుపత్రా?" అన్నారు ఆఫీసరు ముందుకు వంగి.

"ఆరోగ్యమండీ. ఆటల వల్ల ఆరోగ్యం" అంది హెడ్మిస్ట్రెస్, తడుముకోకుండా.

రెండు జడల పిల్ల అట్టను నేల మీద పడేసి కప్ప వెంట పడింది. కప్ప ముందు, పిల్ల వెనక. కప్ప ఏ కాలి మీద పడితే ఆ కాలు గెంతింది. ఏ కాలు గెంతితే దాని చుట్టూ అట్టలు తిరిగాయి. మైదానం అంతా నల్ల మచ్చలు లేచి, కలిసి, విడిపోయి, మళ్లీ కలిశాయి.

"ఇప్పుడిది మేకలా ఉందే?"

"జంతుదయ అండీ."

నేల మీద ఉన్న డ్రిల్లు మేష్టారికి ముందు వరస తప్ప ఏమీ కనిపించదు. ఏదో తేడా జరుగుతోందని మాత్రం అర్థమైంది. ఆయనకు తెలిసిన మందు ఒక్కటే. గట్టిగా ఈల ఊదారు. బొమ్మలో ఉన్నవాళ్లంతా బుద్ధిగా అట్టలు తిప్పేశారు. మచ్చల మీద బొమ్మ పడింది. పరుగెత్తే పిల్లవాడు వచ్చాడు గానీ, తల రాలేదు.

"తల ఏదమ్మా?" అన్నారు ఆఫీసరు.

హెడ్మిస్ట్రెస్ ఒక్క క్షణం ఆలోచించింది. "బడిలో చేరకముందు పిల్లవాడండీ."

డ్రిల్లు మేష్టారు ఈల వదిలేశారు. మైకు అందుకుని, "అందరూ తెలుపు! తెలుపు చూపండి!" అని అరిచారు. ఇన్నాళ్లూ ఆయన నేర్పింది ఈల వింటే తిప్పడమే. రంగు పేరు చెప్పడం ఇదే మొదటిసారి. అట్ట అవతలివైపు తెలుపు ఉంటే పిల్లలకు ఇవతల నలుపు కనిపిస్తుంది. కొందరు మేడకు తెలుపు చూపించారు, కొందరు తమకు తెలుపు చూపించుకున్నారు. మైదానం చిక్కుపడ్డ దారపుండలా తయారైంది.

ఆఫీసరు కలం తీశారు. సంతకం పెట్టే కలం.

అప్పుడు లెక్కల మేష్టారు నోటి కట్లు తెంచుకున్నారు. హెడ్మిస్ట్రెస్‌ను దాటుకుని పిట్టగోడ మీదికి వంగి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "బావమరిదీ! ఏమీ చెడిపోలేదు! రెండుసార్లు గెంతితే గెంతనట్టే!" అని కేకేశారు.

"ఇక్కడ ఇంటి వరసలు వద్దు సార్" అంది హెడ్మిస్ట్రెస్.

"ఏంటి బావా నువ్వనేది?" మైకులో డ్రిల్లు మేష్టారి గొంతు ఊరంతా వినిపించింది.

"జరిగిందంతా ఇంకోసారి జరిపించు! ముందుగా, నువ్వు 'తెలుపు' అన్నప్పుడు తిప్పినవాళ్లను మళ్లీ తిప్పమను!"

తిప్పారు. చిక్కు కాస్త విడింది. తల లేని పిల్లవాడు మళ్లీ కనిపించాడు.

"ఈల!"

ఈల మోగింది. పిల్లవాడు మాయమై మచ్చలు మాత్రం మిగిలాయి. ఆఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కలం మూత ఎక్కడో పడిపోయింది.

"ఇప్పుడు కప్పకు భయపడి గెంతినవాళ్లంతా మళ్లీ గెంతాలి!"

ఎవరూ గెంతలేదు. వరసలో కదిలినవాడికి డ్రిల్లు మేష్టారి దగ్గర ఏం జరుగుతుందో పిల్లలందరికీ తెలుసు. గెంతామని ఒప్పుకోవడానికి ఒక్కరికీ ధైర్యం చాలలేదు. అందరూ ఆకాశం వైపు చూస్తున్నారు.

"మైకులో చెప్పవోయ్, ఏమీ అననని!"

"క్రమశిక్షణ సంగతేం కాను బావా?"

"గోదాములో పెట్టి తాళం వేసుకో!"

డ్రిల్లు మేష్టారు కళ్లు మూసుకున్నారు. పళ్ల సందుల్లోంచి, "గెంతినవాళ్లను... ఏమీ అనను" అన్నారు.

"తిట్టరు కదా సార్?" అని ఒక సన్నటి గొంతు.

"తిట్టను."

"రేపు కూడా?"

"రేపు కూడా తిట్టనురా నాయనా, గెంతు!"

ఒకడు గెంతాడు. ఇంకొకడు గెంతాడు. తర్వాత ఎక్కడెక్కడి నుంచో కాళ్లు లేచాయి. గెంతినచోటల్లా మచ్చ తెల్లబడింది. "అదిగో, ఆ మూల! ఆ బొద్దబ్బాయి గెంతలేదు, నేను చూశాను!" అని ఆఫీసరు పిట్టగోడ మీద కొడుతూ అరుస్తున్నారు. బొద్దబ్బాయి సిగ్గుపడుతూ గెంతాడు. మూల తెల్లబడింది. హెడ్మిస్ట్రెస్ చప్పట్లు కొట్టి, వెంటనే చేతులు వెనక్కి దాచుకుంది.

చివరికి మధ్యలో నాలుగే నల్ల అట్టలు మిగిలాయి. వాటి నడుమ ఒక ఖాళీ. ఖాళీలో నేల మీద వెల్లకిలా పడి ఉన్న మరో నల్ల అట్ట. రెండు జడల పిల్ల మైదానం అవతల కప్ప కోసం పొదలో దూరి ఉంది.

"అయ్యో, ఇంక తెల్లబడదా?" అన్నారు ఆఫీసరు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది.

లెక్కల మేష్టారు కిందికి చూశారు. కింద డ్రిల్లు మేష్టారు పైకి చూశారు.

"నువ్వే బావమరిదీ" అన్నారు లెక్కల మేష్టారు, ఈసారి మెల్లగా. అయినా వినిపించింది.

డ్రిల్లు మేష్టారు మైకు వదిలి, వరసల మధ్య నుంచి నడిచి వెళ్లి, బురదంటిన అట్టను తీసి తెల్ల చొక్కాకు ఆనించుకున్నారు. ఇన్నేళ్లలో ఆయన గెంతమనడమే గానీ గెంతడం ఎవరూ చూడలేదు. ఒక్క గెంతు గెంతారు. అయిదు అట్టలూ ఒక్కసారే తిరిగాయి.

మైదానమంతా తెల్లబడింది.

పైనుంచి ఆఫీసరు కేక వినిపించింది. డ్రిల్లు మేష్టారు అక్కడే నిలబడి ఈల ఊదారు. తెల్లటి మైదానంలో పిల్లవాడు లేచాడు, తలతో సహా. ఆయన నిలబడ్డ చోటు ఆ పిల్లవాడి మడమ. ఆయనా అట్ట తిప్పారు. నెల రోజులు కష్టపడి తీర్చిన బొమ్మను ఆయన ఒక్కరే చూడలేదు.

లెక్కల మేష్టారు అప్పటికే దిగి వచ్చి డ్రిల్లు మేష్టారి వెనక నిలబడ్డారు. ఆఫీసరు కూడా మెట్లు దిగి, దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు. "ఇక్కడ గోదాము కడతారా? ఎవడన్నాడు? కట్టనివ్వను!" డ్రిల్లు మేష్టారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆఫీసరు ఆయన్ని దాటుకుని వెళ్లి లెక్కల మేష్టారి చేతులు పట్టుకున్నారు. "ఇంత గొప్ప లెక్కల గదిని నా సర్వీసులో చూడలేదండీ! రేపటి నుంచి ఈ మైదానం మీ చేతిలో ఉంటుంది. డ్రిల్లు సారు మీకు సాయంగా ఉంటారు. నేను వారం వారం వచ్చి చూస్తాను."

రెండు జడల పిల్ల అప్పుడే పొదలోంచి ఉత్త చేతులతో వచ్చింది.

మర్నాటి నుంచి డ్రిల్లు మేష్టారు బావగారిని అడిగి గానీ మైదానంలో అడుగు పెట్టడం లేదు. కప్ప మాత్రం ఎవరినీ అడగడం లేదు.