వనజమ్మ హస్తవాసి

చింతామణి బజారులో ఎవరు కొత్త అంగడి తెరిచినా మొదటి బోణీ వనజమ్మ చేతే చేయించేవారు. ఆమె హస్తవాసి అంత మంచిదని పేరు. ఆ పేరు మీద ఆమెకంటే ఆమె భర్త, బియ్యం అంగడి శంకరనారాయణకే మమకారం ఎక్కువ. అందుకే 2007లో బ్యాంకువాళ్లు ఏటీఎం కార్డు ఇచ్చిన మర్నాడు, పొద్దున్నే కాఫీ తాగుతూ ఆయన తేల్చేశాడు. మిషన్ నుంచి వచ్చే తొలి డబ్బును వనజమ్మే అందుకోవాలి.

ఇద్దరూ తలంట్లు పోసుకుని బయల్దేరారు. ఏటీఎం వాకిట్లో కాపలా కృష్ణప్ప అడ్డం నిలబడ్డాడు.

"ఒకరే పోవాల లోపలికి. రూల్సు."

"మేము మొగుడూ పెండ్లామప్పా."

"రూల్సులో పెండ్లి సంగతి లేదన్నా."

చేసేది లేక శంకరనారాయణ ఒక్కడే వెళ్లి నంబరు కొట్టాడు. అయిదు వేల రూపాయల నోట్లు తలలు బయటపెట్టాయి. తాను ముట్టుకుంటే ముచ్చట చెడుతుందని, చేతులు వెనక్కి కట్టుకుని బయటికి వచ్చి, "పో వనజా, తీసుకో" అన్నాడు. వనజమ్మ చెప్పులు విడిచి, కొంగు సర్దుకుని, గడపకు దండం పెట్టి, కుడికాలు లోపల పెట్టి చేయి చాచింది. ఎవరూ తీసుకోని నోట్లను కాసేపటికి వెనక్కి లాక్కోవడం ఆ మిషన్ అలవాటు. సరిగ్గా అప్పుడే లాక్కుంది. డబ్బు ఇచ్చేసినట్టు చీటీ మాత్రం ఇచ్చింది.

"ఏమండీ, నా చేయి చూసి లోపలికి పాయనే" అంది వనజమ్మ, ఏడుపు గొంతుతో.

ఆ మాట కృష్ణప్ప విన్నాడు. ఇక ఊరికి దండోరా అక్కర్లేకపోయింది. వనజమ్మ చేయి చాస్తే లక్ష్మి పారిపోయిందని మధ్యాహ్నానికి అన్నారు. మిషనే చెడిందని సాయంత్రానికి అన్నారు. మర్నాటికి బ్యాంకే మునుగుతుందని పుకారు పుట్టి, జనం తమ డబ్బు తీసుకోవడానికి బారులు తీరారు. బట్టల అంగడి గంగప్ప తల గోక్కుంటూ ఇంటికొచ్చాడు.

"అమ్మా, మా కొత్త అంగడి బోణీకి మీరు శ్రమపడి రావద్దులే. ఎండలు జాస్తిగా ఉండాయి."

అది కార్తీకమాసం. వనజమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. శంకరనారాయణ నేరుగా బ్యాంకుకు నడిచాడు.

మేనేజరు గిరీశ్ బెంగళూరువాడు. "మా రికార్డులో డబ్బు ఇచ్చినట్టే ఉంది సార్" అన్నాడు.

"డబ్బు సంగతి అట్లుండనీ. మా ఆమె చేతిలో దోషం లేదని రాసి, సీలు ఏసి ఇయ్యండి."

"అలాంటి సర్టిఫికెట్ బ్యాంకు ఇవ్వదు."

"ఇచ్చేవాళ్లు యాడ ఉండారు?"

గిరీశ్ కాగితాలు సర్దుకోసాగాడు. కానీ అతని తల వెనకే గోడకు ఒక బోర్డు ఉంది. బ్యాంకు నెలలోగా న్యాయం చేయకపోతే ఖాతాదారుల మొర వినే అంబుడ్స్‌మన్ అనే అధికారికి ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చని అందులో రాసి ఉంది. శంకరనారాయణ అతని తల మీదుగా తొంగి చూసి అడ్రసు రాసుకున్నాడు.

నెల గడిచాక ఫిర్యాదు వెళ్లింది. రెండు పేజీలు హస్తవాసి గురించి, చివర ఒక్క వాక్యం డబ్బు గురించి. అధికారికి ఆ ఒక్క వాక్యం చాలింది. వెనక్కి పోయిన నోట్లు మిషన్‌లోనే ఉండగా ఖాతాలో ఎందుకు కోశారని బ్యాంకును నిలదీశాడు. గిరీశ్ హడలిపోయి ఆ రోజే డబ్బు ఖాతాలో వేయించి కబురు పంపాడు. శంకరనారాయణ బ్యాంకుకు వచ్చాడు గానీ పట్టు వదల్లేదు.

"ఖాతాకు చేతులుండాయా సార్? నేను ఫిర్యాదు వాపసు తీసుకోను."

"మరి నన్నేం చేయమంటారు?"

"ఆ డబ్బు ఖాతాలో నుంచి తీసి ఆమె చేతిలో పెట్టండి. బజారంతా చూస్తాండంగా."

పాపం గిరీశ్ బ్యాంకు మెట్ల మీద నిలబడి, రెండు చేతులా అయిదు వేలు వనజమ్మకు అందించాడు. బ్యాంకు దగ్గర పోయిన డబ్బు తిరిగి రావడం ఆ ఊరు అంతవరకూ చూడలేదు. "మింగినోళ్ల చేతనే కక్కించింది, ఏం చెయ్యి అది" అన్నాడు గంగప్ప, అందరికంటే ముందు.

వనజమ్మ కళ్లు తుడుచుకుని, "ఎండలు తగ్గినాయా గంగప్పా?" అని అడిగింది.

మర్నాటి నుంచి ఆమె వాకిట్లో జనమే జనం. బాగేపల్లి, చిక్కబళ్లాపురం నుంచి కూడా బ్యాంకుల మీద ఫిర్యాదులు రాసుకుని, ఆమె చేయి తాకించి పోస్టులో వేద్దామని వచ్చారు. శంకరనారాయణ గొంతు పోయేలా మొత్తుకున్నాడు.

"బోర్డు చదువుకోండప్పా. చట్టం అందరికీ ఉండాది. చేయి అక్కర్లేదు."

"చట్టం ఉంటే ఉండనీలే అన్నా. చేయి కూడా పడితే మంచిది గదా" అన్నారు జనం.

ఆ వరుసలో చివర, బెంగళూరుకు బదిలీ కోరుతూ రాసుకున్న అర్జీతో, గిరీశ్ నిలబడి ఉన్నాడు.