మూడు బాతుల పబ్బు, ఓ వాయి స్కోన్లు

శనివారం పొద్దున క్లిఫర్డ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తను చేసిన పబ్బు మోడల్‌కి ఆఖరి పూత రంగు వేయాలి, ఆరబెట్టాలి, అందరి మోడళ్లూ మోసుకెళ్లే బేసిల్ వ్యాను రాగానే ఎక్కించాలి. మోడల్ క్లబ్బు ప్రదర్శనలో ఇచ్చే వెండి కప్పు ఏటా ఆ బేసిల్ ఇంటికే పోతోంది. ఈసారి కూడా అటే పోతే జన్మలో ప్లాస్టిక్కు ముట్టనని క్లిఫర్డ్ ఒట్టు పెట్టుకున్నాడు.

ఊళ్లో ఉండే మూడు బాతుల పబ్బుని ఎప్పుడో కూల్చేశారు. క్లిఫర్డ్ దాని పాత ప్లాను సంపాదించాడు. తెల్లటి ప్లాస్టిక్ షీట్లు కోసి, ఒక్కో ఇటుక గీతా చాకు మొనతో గీసి, పెంకు పక్కన పెంకు అతికిస్తూ రెండు చలికాలాలు కూర్చున్నాడు. గోడలు మూలమట్టం పెట్టినట్టు నిటారుగా వచ్చాయి. ఊరి కింది గనుల్లో ఉప్పంతా తవ్వేసి నేల కుంగిపోయాక అక్కడ నిటారుగా ఉన్న కట్టడం బహుశా అదొక్కటే. నిజం ఇళ్లు తలో పక్కకీ ఒరిగి ఉంటే జనం కుర్చీ కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టుకుని కాలక్షేపం చేస్తున్నారు.

నవంబరు తేమకి రంగు ఆరదు. ఎక్కడ ఆరబెట్టినా పిల్లి వచ్చి దాని మీదే పడుకుంటుంది. అందుకని పబ్బుని చల్లటి ఓవెన్‌లో పెట్టి, తలుపు మూసి, సైనుబోర్డు తెచ్చుకోవడానికి పెరటి షెడ్డులోకి వెళ్లాడు. వంటింటి విషయాల్లో తలదూర్చకూడదన్నది ఆ ఇంటి చట్టం. అడిగితే వద్దంటుందని భార్య మేవిస్‌కి చెప్పలేదు.

మేవిస్ వచ్చి, ప్రదర్శనలో టీ స్టాలుకి చిన్న బన్నుల్లాంటి స్కోన్లు చేద్దామని ఓవెన్ వెలిగించి పిండి కలపసాగింది. కాసేపటికి ఘాటు వాసన. ఆ ఇంట్లో జిగురు వాసన కొత్త కాదు. పోటీ రోజున మొగుణ్ణి ఏమీ అనకూడదనుకుంది. తిరిగొచ్చిన క్లిఫర్డ్ కూడా ముక్కు ఎగబీల్చాడు. బ్రెడ్డు కాలుస్తూ మాడ్చిందనుకున్నాడు. నలభయ్యేళ్ల కాపురం అతనికి మర్యాద నేర్పింది.

"కమ్మటి వాసనొస్తోందే," అన్నాడు.

"అవును, హాయిగా ఉంది," అంది మేవిస్.

ఇద్దరికీ కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. మర్యాదకి లోటు రాకుండా ఇంకో కప్పు టీ తాగారు. తర్వాత మేవిస్ స్కోన్ల పళ్లెం పట్టుకుని ఓవెన్ తెరిచింది.

"క్లిఫ్! నా ఓవెన్‌లో ఈ ఇల్లెవరిది?"

గోడలు ఎడమకి ఒరిగాయి. పైకప్పు నడుం విరిగింది. గుమ్మం మూతి వంకర పెట్టింది. వేడి మీదే సరిచేద్దామని క్లిఫర్డ్ ఒక పక్కనుంచి తోస్తే మేడ కాస్తా పొట్ట ముందుకి పెట్టింది. కుర్చీలో కూలబడ్డాడు. నిజంగానే ఏడుపొచ్చింది.

"నాతో ఓ మాట చెప్పుండొచ్చుగా!"

"వంటింట్లో వేలు పెట్టొద్దన్నావుగా!"

"వేలు వద్దన్నాను. పబ్బు పెట్టమన్నానా?"

స్కోన్లు దించేసరికి గుమ్మంలో వ్యాను ఆగింది. బేసిల్ కంట పడటం ఇష్టంలేక క్లిఫర్డ్ షెడ్డులో దూరాడు. మేవిస్ పబ్బు మీదా, స్కోన్ల మీదా ఒకేలాంటి తువ్వాళ్లు కప్పేసింది.

"పబ్బు ఇవాళ రావట్లేదు బేసిల్. బల్ల మీద స్కోన్లున్నాయి, అవి పట్టుకెళ్లు."

"అయ్యో పాపం," అన్నాడు బేసిల్, నవ్వు దాచుకోవడానికి చాలా కష్టపడి. ఆడవాళ్ల తువ్వాలు ఎత్తి చూసేటంత మర్యాద తెలియనివాడు కాదు. చేతికందింది తీసుకుని వెళ్లిపోయాడు.

మిగిలిన తువ్వాలు ఎత్తిన మేవిస్‌కి దాని కింద స్కోన్లు కనిపించాయి.

ఇద్దరూ పరుగు పరుగున ప్రదర్శన హాలుకి చేరేసరికి టీ స్టాలు చుట్టూ గుంపు. న్యాయనిర్ణేత విన్‌ఫ్రెడ్ అనే ముసలావిడ, మోడళ్ల కంటే ముందు టీ చూద్దామని వచ్చి తువ్వాలు ఎత్తింది. మూడు బాతుల పబ్బుని చివరిదాకా నడిపిందావిడే. వంగి, ఆ వంకర గుమ్మాన్ని వేలితో నిమురుతోంది.

"దీన్ని మోకాలితో పొడిస్తేగాని తెరుచుకునేది కాదు," అంది. "అదిగో, ఆ పొట్టమేడలోనే నేను కాపరం చేశాను. ప్లానులో ఉన్నట్టు అదెప్పుడుందని! ఈ ఒరుగు నీకెలా పట్టుబడిందబ్బాయ్?"

క్లిఫర్డ్ అబద్ధం ఆడలేదు. "అదంతా మేవిస్ చలవేనండీ," అన్నాడు.

వెండి కప్పు అతని చేతికొచ్చింది. ఆ సంతోషంలో బేసిల్‌తో కూడా కరచాలనం చేశాడు. పక్క బల్ల మీద బేసిల్ కట్టిన రైల్వే స్టేషను నిటారుగా నిలబడి చూసింది.

హాలు ఖాళీ అవుతుంటే బేసిల్ అటూ ఇటూ చూసి మేవిస్ దగ్గరికొచ్చాడు.

"స్కోన్లకి ఓవెన్ ఎంత వేడి పెడతావేంటి మేవిస్?"

మేవిస్ చిరునవ్వు నవ్వి తువ్వాలు మడత పెట్టుకుంది. ఆమెకి వంట రహస్యాలు బయట చెప్పే అలవాటు లేదు.