మేయర్‌గారు హోమ్ దొంగిలించిన వైనం

"గౌరవ మేయర్ ఓర్విల్ ట్రాస్క్‌గారు పట్టపగలు, ప్రజలందరి ఎదుటా దొంగతనం చేశారని తెలియజేయడానికి మున్సిపల్ కార్యాలయం గర్విస్తోంది."

ఈ ప్రకటన అందగానే మా వారపత్రికలో మొదటి పేజీలో వేశాం. ఏలినవారి దొంగతనాన్ని ఏలినవారే చాటుకునే భాగ్యం అయోవా రాష్ట్రంలో మా టర్కీ బెండ్‌కు తప్ప ఇంకే ఊరికి దక్కింది?

జరిగింది నేను కళ్లారా చూశాను. ఏటా జులై నాలుగున మా ఊళ్లో మున్సిపాలిటీ జట్టుకీ, ఫైర్ స్టేషన్ జట్టుకీ బేస్‌బాల్ మ్యాచ్ ఉంటుంది. ఆ రోజు మేయర్‌గారు మూడో బేస్ మీద ఉన్నారు. ఆయన కుడిభుజం, కౌన్సిల్ అధ్యక్షుడు గస్ హెల్మ్‌బ్రెక్ మొదటి బేస్ మీద ఉన్నాడు. బ్యాటుతో పని లేకుండా, బంతి వేసేవాడి కన్నుగప్పి తర్వాతి బేస్‌కు ఉరకడాన్ని ఆటలో దొంగతనం అంటారు. అందులోనూ పరుగు పూర్తయ్యే ఆఖరి బేస్, అంటే హోమ్‌ను దొంగిలించడమంటే పులి నోట్లో తల పెట్టడమే. బంతి కూడా అక్కడికే వస్తుంది మరి.

మేయర్‌గారు టోపీ ఎత్తి గస్‌కు సైగ చేశారు. ఇద్దరూ ఒక్కసారే ఉరికారు. మేయర్‌గారి పొట్ట తన మీదికి దూసుకురావడం చూసి, హోమ్ దగ్గర బంతి పట్టే క్యాచర్, బతికుంటే బలుసాకు తినొచ్చని పక్కకు తప్పుకుని, బంతిని రెండో బేస్‌కు విసిరాడు. అక్కడ గస్ దొరికిపోయాడు. ఇక్కడ మేయర్‌గారు బోర్లా జారుతూ హోమ్ చేరారు. దుమ్ము అణగకముందే బ్యాండు మోగింది. "దొంగ! మన దొంగ!" అని జనం ఊగిపోయారు. నవంబరులో ఎన్నికలు. ఇంతకంటే శుభారంభం ఏముంటుంది?

చిక్కల్లా స్కోరరు దగ్గర వచ్చింది. మా ఊరి పళ్ల డాక్టరు విల్మా ఆస్ట్రాండర్‌గారే మ్యాచ్‌కు అధికారిక స్కోరరు. మర్నాడు పొద్దున మేయర్‌గారు తేల్చుకుందామని ఆవిడ క్లినిక్‌కు వచ్చేసరికి, దవడ వాచి నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఆవిడ ఆయన్ని కూడా కుర్చీలో కూలేసింది.

"డాక్టరమ్మా, నేను దొంగతనం చేశానా, లేదా?"

"చెయ్యలేదు. నోరు తెరు."

"ఊరంతా చూసిందే!"

"ఊరు చూసింది పరుగు. అది నీ ఖాతాలో వేశాను. కానీ ఇద్దరు కలిసి దొంగతనానికి దిగినప్పుడు ఒకడు దొరికిపోతే, రెండోవాడికి దొంగతనం రాయకూడదు. అదీ రూలు. ఇంకొంచెం తెరు."

"ఇదెక్కడి రూలండీ! ఒకడు దొరికితే మిగతావాళ్ల పని కూడా లెక్కలోకి రాదా? ఇదే రూలు మా మున్సిపాలిటీలో ఉంటే..."

మేయర్‌గారు అక్కడితో ఆగిపోయారు. నోట్లో దూది అడ్డుపడడం వల్లనే ఆగారని నా దృఢ విశ్వాసం.

ఆయన అధైర్యపడే మనిషి కాదు. మధ్యాహ్నానికల్లా హోటల్లో గస్‌ను కూర్చోబెట్టి, చెర్రీ పళ్లు కూరిన తీపి రొట్టె, చెర్రీ పై తినిపించారు.

"గస్, ఆ రోజు నువ్వు దొంగతనానికి పరిగెత్తలేదు."

"మరెందుకు పరిగెత్తాను?"

"కందిరీగ."

"ఏ కందిరీగ?"

"నిన్ను తరిమిన కందిరీగ."

"నాకు సైగ చేసింది నువ్వే కదా ఓర్విల్!"

"సైగా పాడా! నేనూ ఆ కందిరీగనే తోలుతున్నాను."

గస్ చెంచా కింద పెట్టాడు. "నువ్వు చెయ్యి ఊపితే చాలు, ఎటూ ఏంటీ అని అడక్కుండా పరిగెత్తేవాణ్ణి. అదంతా కందిరీగేనన్నమాట," అన్నాడు. ఆ గొంతు విని పక్క బల్ల దగ్గరున్న నాకే చివుక్కుమంది. మేయర్‌గారు మాత్రం ఇంకో చెర్రీ పై తెప్పించారు. గస్ దాన్ని ముట్టుకోలేదు. కాసేపటికి, "సరే. కౌన్సిల్లో తీర్మానం పెట్టు. అనుమానానికి తావు లేకుండా రాయించు," అన్నాడు.

రాయించారు. గస్ హెల్మ్‌బ్రెక్ దొంగతనం చేయలేదని మొదటి తీర్మానం. మేయర్‌గారు ఒక్కరే, ఎవరి సాయమూ లేకుండా చేశారని రెండోది. విల్మాగారిని తప్పించి, ట్రాక్టర్ టైర్లు అమ్మే మేయర్‌గారి బావమరిది ఎల్డన్ పిక్‌ను స్కోరరుగా నియమిస్తూ మూడోది. మూడూ ఏకగ్రీవం. అందరికంటే ఎత్తుగా చెయ్యెత్తింది గస్సే.

తెల్లారేసరికి ఊళ్లో ప్రతి స్తంభానికీ ఒక పోస్టరు వెలసింది. "మేయర్ పదవికి గస్ హెల్మ్‌బ్రెక్. ఈయన దొంగతనం చేయలేదు. మేయర్ చేశారు. సాక్షాత్తు కౌన్సిల్ తీర్మానం."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. హైవే మీద పోయేవాళ్లు కార్లు ఆపి మరీ ఫోటోలు తీసుకున్నారు. పక్క జిల్లా షెరీఫ్ వచ్చి మేయర్‌గారితో కరచాలనం చేసి, వెళుతూ వెళుతూ తన చేతిగడియారం తడుముకున్నాడు. మేయర్‌గారి సొంత చర్చిలో కానుకల పళ్లెం ఆయన వరుసను తప్పించుకుని పోయింది.

ఆయన పరుగున విల్మాగారి దగ్గరికి వెళ్లారు. "డాక్టరమ్మా, మీరే రైటు. నేను దొంగను కానని రాయండి!"

"మొదటి రోజు నుంచీ అదేగా మొత్తుకుంటున్నాను నాయనా! నన్ను పీకేశావుగా, వెళ్లి మీ ఎల్డన్‌ను అడుగు."

ఫైర్ స్టేషన్ హాల్లో బహిరంగ సభ పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. మేయర్‌గారు వేదిక మీద చెమటలు తుడుచుకుంటూ, "ఎల్డన్, భయపడకు. నేను దొంగతనం చెయ్యలేదని చెప్పెయ్," అన్నారు.

ఎల్డన్ మైకు పట్టుకున్నాడు. పాపం, కళ్లు చెమర్చాయి.

"బావా, ఎవరో నిన్ను బెదిరించి ఈ మాట అనిపిస్తున్నారు. నాకు తెలీదనుకున్నావా? నేను ఈ పదవిలో ఉన్నంతకాలం నిన్ను దొంగ కాదనే మగాడు ఈ ఊళ్లో పుట్టడు!"

హాలు దద్దరిల్లింది. జనం లేచి నిలబడ్డారు. విల్మాగారు ఈల వేసింది. బ్యాండు వాళ్లు ఎవరూ అడక్కుండానే అందుకున్నారు. చప్పట్లు చెవిన పడగానే, మేయర్‌గారి చెయ్యి దానంతట అదే పైకి లేచి, ప్రజలకు అభివాదం చేసింది.