క్షమాగుణమున్న గోల్ఫ్ కర్ర

ఈ లోకంలో నన్ను మనస్ఫూర్తిగా క్షమించేది ఒక్కటే ఉంది. అది మా ఆవిడ కాదు. ఇన్‌కమ్ టాక్సు వాళ్లు అసలే కాదు. నా గోల్ఫ్ కర్ర!

నవ్వకండి. మదనపల్లెలో డ్రిప్పు పైపుల కొట్టు నడుపుకునేవాడికి గోల్ఫ్ ఏమిటని మీరు అడుగుతారని నాకు తెలుసు. మా జయచంద్ర పుంగనూరు రోడ్డులో వెంచర్ వేశాడు. ప్లాట్లు అమ్ముడుపోలేదు. ఊరికే వదిలేస్తే ముళ్లకంపలు మొలుస్తాయని గడ్డి పరిచి, ఆరు గుంతలు తవ్వి, ఆరు జెండాలు పాతి, గోల్ఫ్ కోర్సని బోర్డు పెట్టేశాడు. మొదటి మెంబర్ని నేనే. ఆ గడ్డికి పైపులు అమ్మింది కూడా నేనే, కానీ ఆ సంగతి వేరు.

మొదట్లో నా దగ్గర మామూలు ఇనుప కర్ర ఉండేది. మహా కోపిష్టిది! దాని ముఖం మధ్యలో రూపాయి బిళ్లంత చోటుంటుంది. బంతి అక్కడ తగిలితేనే ముందుకు పోతుంది. కాస్త పక్కకు తగిలిందా, చేతులు మోచేతి దాకా జివ్వుమనేవి, బంతి పదడుగులు దొర్లి ఆగిపోయేది. అక్కడున్న నలుగురూ ఆకాశం వంక చూసేవాళ్లు. అంత అవమానం నేను పదో తరగతి లెక్కల పేపరప్పుడు కూడా పడలేదు.

అలాంటి రోజుల్లో దినేష్ వచ్చాడు. కుప్పం కుర్రాడు, రోజూ రైలెక్కి బెంగళూరు వెళ్లి గోల్ఫ్ సామాన్ల షాపులో పని చేస్తాడు. ఓ ఆదివారం పొద్దున సంచిలోంచి ఒక కొత్త కర్ర తీసి నా చేతిలో పెట్టాడు. పొడుగాటి కాడ, చివర సగం కొబ్బరి చిప్పంత తల. పేరు ఫెయిర్‌వే వుడ్. పేరుకే వుడ్డు, చెక్క ముక్క ఎక్కడా లేదు, అంతా ఉక్కు.

"ఇది ఫర్‌గివింగ్ క్లబ్బు సార్. మీరు యాడ తగిలించినా ఏం కాదు. కర్ర తల కొనకు తగిలినా, తల మడమకు తగిలినా బాలు లేసి పోతాది. మీ తప్పును అదే సర్దుకుంటాది" అన్నాడు.

నేను తప్పే చేస్తానని వాడికి ముందే ఎలా తెలిసిందో! అయినా కొట్టాను. కళ్లు మూసుకుని కొట్టాను. తెరిచి చూద్దును కదా, బంతి మబ్బుల్లో ఉంది!

ఇంతటి దయ ఇంకే వస్తువులో ఉంది చెప్పండి? పెద్దమండ్యం పోవాల్సినవాడు పొరపాటున కలికిరి బస్సెక్కితే, ఆ బస్సు మనల్ని క్షమించి పెద్దమండ్యంలో దించుతుందా? పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తే గిన్నె సర్దుకుంటుందా? పెళ్లిపత్రికలో పెళ్లికూతురి పేరు తప్పు పడితే ప్రింటింగ్ మిషన్ తనంతట తాను దిద్దుకుంటుందా? మనిషి చేసే తప్పును ముందే ఊహించి, దాన్ని కడుపులో పెట్టుకునేలా తయారైన వస్తువు ఇదొక్కటే!

నెల తిరిగేసరికి మెంబర్లందరూ ఇవే కొన్నారు. అందరి అనుభవమూ ఒక్కటే. జయచంద్ర దాన్ని క్రికెట్ బ్యాటులా తిప్పుతాడు, అయినా బంతి లేస్తుంది. రిటైరైన లెక్చరర్ భీమరావు గారు బంతికి ముందున్న మట్టిని కొడతారు, అయినా లేస్తుంది. పాపం, ఆయన ఒకప్పుడు షాటు చెడితే "ఛ, తప్పు నాదే" అనేవారు. ఇప్పుడు ఆ మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో! మనిషి ముఖంలో కళ వచ్చింది, బీపీ తగ్గింది.

చిన్న సంగతి ఒకటుంది. బంతి లేస్తుంది గానీ, ఎటు పోతుందన్న పట్టింపు ఈ కర్రకు అంతగా లేదు. మా మూడో గుంత పక్కన ఫెన్సింగ్, ఫెన్సింగ్ అవతల కుప్పమ్మ టమాటా తోట. మావి వారానికి ముప్పై నలభై బంతులు అటు పోయేవి. ప్రతిసారీ మేం చెయ్యెత్తి "సారీ!" అని అరిచేవాళ్లం. ఎవరికని అడక్కండి, మర్యాద మర్యాదే కదా.

ఓ బంతి కాయలు కోస్తున్న కూలిమనిషి మునీశ్వరి భుజానికి తగిలింది. అది నాదేనని అంటారు. ఆ మరుసటి రోజు నుంచి కుప్పమ్మ తోటలోకి కూలివాళ్లు ఎవరూ రాలేదు. ఆమె బంతులన్నీ ఏరి కోళ్ల గంప కింద మూసిపెట్టింది.

మా వైపు ఒక పద్ధతుంది. పశువు తప్పిపోయి ఒకరి చేలో పడితే, దాన్ని తోలుకుపోయి బందెలదొడ్డిలో కట్టేస్తారు. విడిపించుకోవాలంటే యజమానే వెళ్లాలి, పశువు నాదేనని నలుగురిలో ఒప్పుకోవాలి. మేం బంతుల కోసం వాచ్‌మన్‌ని పంపితే కుప్పమ్మ వెనక్కి పంపేసింది. చివరికి, మాట నేర్చినవాణ్ణని నన్ను పంపారు.

వెళ్లి, గంప ముందు నిలబడి, ఈ కర్ర గొప్పతనం మొత్తం ఆమెకు వివరించాను. కొన, మడమ, ఉక్కు తల, దాని విశాల హృదయం, ఒక్కటీ వదల్లేదు. కుప్పమ్మ ఓపిగ్గా విన్నది.

"నీ కర్ర నిన్ను మన్నించిందంటావు. సంతోసం అప్పా" అంది. "అయితే దాన్నే పంపించు, కాయ కోసేదానికి."

"అదేంటమ్మా?"

"మరి ఎందుకు రావాల కూలోళ్లు? బాలు దెబ్బకు మునీశ్వరి భుజం వాచిపోయుండాది. పండింది పండినట్టు చెట్టుమీదే మెత్తబడతాండాది, సూడు. ఈ పొద్దు కొయ్యకపోతే మార్కెట్లో ఎవురూ ముట్టుకోరు. యా బాలు నీదో చెప్పు. దాని బదులు ఒక బాక్సు కోసి పెట్టి, తీసుకుపో."

నా బంతి మీద ఎర్ర మార్కరుతో మూడు చుక్కలు పెట్టుకుంటాను. కాదనడానికి వీల్లేకపోయింది.

ప్యాంటు మడుచుకుని సాళ్లలో కూర్చున్నాను. పాతిక కాయలు కోసేసరికి నడుము పట్టేసింది. అంతలో ఫెన్సింగ్ అవతల టంగుమని బంతికి కర్ర తగిలిన శబ్దం. అంత తియ్యటి శబ్దానికి ఇంత భయపడతానని నేను ఎన్నడూ అనుకోలేదు! బోర్లా పడ్డాను. బంతి నా చెవి పక్క నుంచి పోయి, ఊతకర్రను విరిచి, మొక్కను పడగొట్టింది. అవతల భీమరావు గారు చెయ్యెత్తి, ఎటో చూస్తూ "సారీ!" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మట్టిలో పడుకునే, నా పాత ఇనుప కర్రను తలుచుకున్నాను. ఎంత మంచిదది! అది ఉన్నన్నాళ్లూ నా తప్పు పదడుగులు దొర్లి నా కాళ్ల దగ్గరే పడి ఉండేది. సిగ్గు నాకే, జివ్వుమనేది నా చేతులే. ఈ దయగల తల్లి వచ్చాక నా తప్పు రెండు వందల గజాలు ఎగిరి వేరొకరి తోటలో పడుతోంది. నాకేమో షాటు బాగా కుదిరినట్టే ఉంటోంది!

కర్రలు తయారుచేసే కంపెనీల వారికి నా మనవి. మీ ఉక్కు మీ ఇష్టం, మీ డిజైన్ మీ ఇష్టం. క్షమించే పని మాత్రం మీరు పెట్టుకోకండి. దెబ్బ తగిలేది మీకు కాదు.

బాక్సు నిండేసరికి మిట్టమధ్యాహ్నమైంది. కుప్పమ్మ గంప ఎత్తి, మూడు చుక్కల బంతి వెతికి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. మునీశ్వరికి తగిలింది నా బంతేనని, తప్పు నాదేనని అన్నాను. చాలా ఏళ్ల తర్వాత అన్నానేమో, మాట సరిగ్గా రాలేదు.

"అంటే, నన్ను క్షమించినట్టేనా కుప్పమ్మా?" అని అడిగాను.

ఆమె నేను కోసిన బాక్సు వంక చూసింది. సగం పచ్చికాయలే ఉన్నాయి.

"బాలునైతే ఇడిచినానప్పా" అంది.